షుగర్ ఉన్నవాళ్ళ కాళ్ళూ చేతులూ ఇంట్లోనే చేత్తో పట్టి చూడటం ఎలా

మా నాన్నకి షుగర్ వచ్చి పదమూడేళ్ళు. రిపోర్టుల ఫైలు ఇంత లావుంటుంది, హెచ్‌బీఏ1సీ నుంచి కొలెస్ట్రాల్ దాకా అందులో లేని కాగితం లేదు, కానీ ఆ ఫైలంతా తిరగేసినా ఆయన పాదం గురించి ఒక్క ముక్క కనబడదు. రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం ఆయన బూటు విప్పి దులిపితే చింతపిక్క ఒకటి రాలిపడింది. పొద్దున వాకింగ్‌కి వేసుకున్న బూట్లు అవి, ఆ తర్వాత బ్యాంకుకీ మార్కెట్‌కీ కూడా వాటితోనే తిరిగాడు. అరికాలి మీద రూపాయి బిళ్ళంత బొబ్బ. "ఏమీ తెలియలేదురా" అన్నాడు, అదేదో తన గొప్పదనమన్నట్టు. నాకు మాత్రం గుండె గుభేలుమంది. బొబ్బ నాలుగు రోజుల్లో మానిపోతుంది, ఆ "తెలియకపోవడం" ఉందే, అది మానేది కాదు.

అప్పటి నుంచి నెలకోసారి ఆదివారం పొద్దున నేనే ఆయన కాళ్ళూ చేతులూ పట్టి చూస్తున్నాను. దీనికి మిషన్లు అక్కర్లేదు, ఇరవై నిమిషాలు పడుతుంది. మీ ఇంట్లో అమ్మకో నాన్నకో అత్తగారికో షుగర్ ఉంటే మీరు కూడా చెయ్యొచ్చు. ఒక్క మాట ముందే చెప్పేస్తాను: ఇది జబ్బు ఉందో లేదో తేల్చే పరీక్ష కాదు, ఎవర్ని త్వరగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలో చెప్పే వడపోత మాత్రమే.

చేత్తో పట్టి చూడటం అనే విద్యని బాగా పట్టించుకున్నవాళ్ళు అమెరికాలోని ఆస్టియోపతి డాక్టర్లు (ఆస్టియోపతి అంటే ఎముకలూ కండలూ కీళ్ళూ చేత్తో పట్టి చూసి సర్దే వైద్యం). ఆండ్రూ టేలర్ స్టిల్ అనే ఆయన 1874లో ఈ పద్ధతిని ప్రకటించి, 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కర్క్స్‌విల్‌లో మొదటి కాలేజీ పెట్టాడు. ఇప్పుడు అక్కడ ఆ చదువు చదివినవాళ్ళు మిగతా డాక్టర్లలాగే మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు, కాకపోతే చేతి పరీక్షలో వాళ్ళకి అదనంగా శిక్షణ ఉంటుంది. (అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఫ్యామిలీ డాక్టరు పేరు పక్కన ఎం.డి.కి బదులు డి.ఓ. అని చూసి కంగారు పడుతుంటారు, ఏం పర్లేదు, పూర్తి స్థాయి డాక్టరే.) వాళ్ళు ఏ భాగం పట్టుకున్నా నాలుగు ప్రశ్నలు వేసుకుంటారు. చర్మం, కండ చేతికి ఎలా తగులుతున్నాయి, గట్టిగానా మెత్తగానా వేడిగానా? కుడీ ఎడమా ఒకేలా ఉన్నాయా? కీలు ఎంత మేర కదులుతోంది? నొక్కితే నొప్పి ఉందా?

షుగర్ మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆ నాలుగో ప్రశ్న తలకిందులవుతుంది. మామూలుగా నొక్కిన చోట నొప్పి అంటే అక్కడేదో తేడా ఉందని. వీళ్ళకి నొప్పి ఉండాల్సిన చోట లేకపోతే భయపడాలి. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే కింద చెప్పేదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

మొదలుపెట్టే ముందు

పగటి వెలుతురులో, కిటికీ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టండి, మీరు కింద పీట మీద కూర్చోండి. సాక్సులు, చెప్పులు విప్పించి పది నిమిషాలు ఊరికే ఉంచాలి. అప్పుడే స్నానం చేసో నడిచో వచ్చినవాళ్ళ కాళ్ళు ఎలాగూ వేడిగా ఉంటాయి కాబట్టి వేడి చూసే పరీక్షకి పనికిరావు. మీ చేతులు కడుక్కుని, గోళ్ళు కత్తిరించుకుని, చేతులు మరీ చల్లగా ఉంటే కాస్త రుద్దుకోండి. పక్కన ఒక నోట్‌బుక్, పెన్ను.

పెద్దవాళ్ళు మొదట ఒప్పుకోరు, అది కూడా చెప్పాలి. కాళ్ళకి దణ్ణం పెడతామంటే ముందుకి చాపుతారు, కాలు ఒకసారి చూపించమంటే మాత్రం "ఏం లేదులే, పో" అంటారు. మా అత్తగారైతే అల్లుడి చేత కాళ్ళు పట్టించుకోవడమేంటని మూడు నెలలు దగ్గరికి రానివ్వలేదు, చివరికి మా ఆవిడకి నేర్పించి ఆవిడ చేత చూపించాను. ఎవరు చూసినా ఫర్వాలేదు, ప్రతిసారీ ఆ ఒకే మనిషి చూస్తే మంచిది, ఎందుకంటే పోయిన నెల ఎలా ఉందో ఆ చేతికి గుర్తుంటుంది.

ముందు కళ్ళతో

వేళ్ళ సందులు ఒక్కొక్కటీ విడదీసి చూడండి. నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య తెల్లగా నాని పాచిపోయినట్టుండే చోటే ఎక్కువగా మోసం చేస్తుంది. అది ఫంగస్, దురద కూడా పెట్టకపోవచ్చు, అక్కడి చర్మం చిట్లితే చీము లోపలికి దిగే దారి అదే. మడమ పగుళ్ళలో లోతుగా ఎర్రగా కనిపిస్తుందేమో చూడండి. ఆనెకాయల లోపల నల్లటి మచ్చ లేదా ముదురు గోధుమ రంగు కనిపిస్తే అది పైన అంటిన మురికని వదిలెయ్యకండి, చర్మం కింద రక్తం చేరిందని, కింద పుండు తయారవుతోందని అర్థం. దాన్ని ఇంట్లో బ్లేడుతో గీకొద్దు, మందుల షాపులో దొరికే ఆనెకాయల పట్టీ కూడా వెయ్యొద్దు. ఆ పట్టీలో ఉండేది యాసిడ్, స్పర్శ లేని కాలికి అది మంచి చర్మాన్ని తినేస్తున్నా తెలియదు.

ఆడవాళ్ళ విషయంలో రెండు సంగతులు ఎవరూ చెప్పరు. ఒకటి మెట్టెలు. ఎప్పుడో పెళ్ళిలో పెట్టినవి, కాలు వాచినా వేలు లావైనా తియ్యరు, వాటి కింద చర్మం ఒరుసుకుపోయి ఉంటుంది. తియ్యడం ఇష్టం లేకపోతే కనీసం కాస్త జరిపి కింద చూడండి, జరగనంత బిగుతుగా ఉంటే పెద్ద సైజు మార్పించండి. రెండోది పారాణి, గోరింటాకు, గోళ్ళరంగు. పండగల్లో పెట్టుకుంటారు బాగానే ఉంటుంది గానీ, ఎర్రదనం, నలుపు దాని కింద కనబడవు, అందుకని పెట్టుకునే ముందు రోజు చూసెయ్యండి.

ఇదంతా నెలకోసారి. వట్టి కళ్ళతో అరికాలు చూసుకోవడం మాత్రం రోజూ చెయ్యాలి. వంగలేనివాళ్ళు నేల మీద అద్దం పెట్టుకుని పైన పాదం ఉంచితే కనబడుతుంది.

తర్వాత వేడి

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

మీ చేతిని తిరగేసి, వేళ్ళ వెనక వైపుతో చూడాలి. పిల్లలకి జ్వరం వస్తే నుదురు చూస్తామే, అలాగ. రెండు పాదాల్లోనూ ఒకే చోట, ఒకదాని తర్వాత ఒకటి: ముందు పాదం పై భాగం, తర్వాత చీలమండ రెండు పక్కలా, తర్వాత అరికాలి మధ్య వంపు, చివరికి వేళ్ళ మొదళ్ళలో ఉండే బుడిపెలు. కుడి కాలు ఎంత వేడి అని అడక్కండి, కుడికీ ఎడమకీ తేడా ఉందా అని మాత్రమే అడగండి. డాక్టర్ల దగ్గర చర్మం వేడి కొలిచే పరికరం ఉంటుంది, రెండు కాళ్ళలో ఒకే చోట 2.2 సెంటీగ్రేడ్ డిగ్రీలకి మించి తేడా ఉంటే హెచ్చరికగా తీసుకుంటారు. మన చెయ్యి డిగ్రీలు చెప్పదు గానీ, ఒక కాలు రెండో కాలికంటే స్పష్టంగా వేడిగా ఉంటే పట్టేస్తుంది.

దీని వెనక మనకి దగ్గరి కథ ఒకటి ఉంది. పాల్ బ్రాండ్ అనే సర్జన్, తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో పుట్టినవాడు, వేలూరులోని సీఎంసీ ఆసుపత్రిలో కుష్ఠు రోగుల చేతులూ కాళ్ళూ బాగుచేసేవాడు. ఆ జబ్బే వేళ్ళని తినేస్తుందని అందరూ అనుకునే రోజుల్లో, స్పర్శ పోయిన కాలిని మనిషి తెలియక పాడుచేసుకుంటున్నాడని, దెబ్బ తగిలిన చోటు పుండు పడక ముందే వేడెక్కుతుందని గమనించాడు. తర్వాత అమెరికాలో లూసియానాలోని కార్విల్ ఆసుపత్రికి వెళ్ళాక అదే చూపుతో షుగర్ రోగుల పాదాలనీ చూశాడు. ఇప్పుడు మన దగ్గర షుగర్ వాళ్ళకి డాక్టర్లు రాసే ఎంసీఆర్ చెప్పులు (మెత్తటి రబ్బరు అడుగున్నవి) కూడా ఆ కుష్ఠు రోగుల పాదాల కోసం చేసిన ప్రయత్నాల్లోంచి వచ్చినవే. కాబట్టి చేత్తో వేడి చూడటం ఏదో నాటు పద్ధతని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

వేడి తగిలితే ఏమై ఉండొచ్చు? చీము పట్టడం ఒకటి. ఇంకోటి చాలామంది వినను కూడా వినని చార్కో పాదం. నరాలు దెబ్బతిన్న కాలిలో లోపలి ఎముకలు, కీళ్ళు మెత్తబడి విరుగుతుంటాయి, పాదం వాచి ఎర్రగా వేడిగా ఉంటుంది, నొప్పి మాత్రం ఉండదు లేదా ఉన్నా ఆ వాపుకి తగ్గట్టు ఉండదు. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు. "బెణికింది", "యూరిక్ యాసిడ్", "సెల్యులైటిస్" (చర్మం కింద ఇన్‌ఫెక్షన్) అని మందులు వాడుతూ అదే కాలి మీద నడుస్తూ ఉంటే కొన్ని వారాల్లో అరికాలి వంపు కూలిపోయి పడవ అడుగులా అయిపోతుంది, ఇక ఆ ఆకారం మళ్ళీ మామూలు కావడం కష్టం. అందుకే ఒక కాలు వాచి వేడిగా ఉంటే ఆ క్షణం నుంచి దాని మీద బరువు వెయ్యనివ్వకండి, ఆ రోజే చూపించండి. కట్టు కట్టేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళొద్దు, నూనె రాసి తోమొద్దు, కాపడం అసలే వద్దు.

స్పర్శ పరీక్ష: ఆరు వేళ్ళు, ఆరు తాకుళ్ళు

ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ ఆసుపత్రి వాళ్ళు తయారుచేసి 2011లో ప్రచురించిన పరీక్ష ఇది, కావలసింది మీ చూపుడు వేలు ఒక్కటే.

ముందు వాళ్ళ కుడి మోకాలిని ముట్టుకుని "ఇది నీ కుడి", ఎడమ మోకాలిని ముట్టుకుని "ఇది నీ ఎడమ" అని చెప్పండి. కళ్ళు మూసుకోమనండి. నేను ఎక్కడైనా ముట్టుకున్నట్టు తెలిస్తే వెంటనే కుడి అనో ఎడమ అనో చెప్పు అనండి, అంతే. తర్వాత వేలి చివరని మెత్తగా, ఈక వాలినట్టు, ఒకటి రెండు సెకన్లు తాకి తియ్యండి. వరస ఇది: కుడి బొటనవేలు, కుడి చిటికెన వేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెన వేలు, కుడి నడిమి వేలు, ఎడమ నడిమి వేలు.

అందరూ చేసే తప్పులు కొన్ని ఉన్నాయి. చెప్పకపోతే గట్టిగా నొక్కుతారు, అప్పుడు కీలు కదిలి అది తెలిసిపోతుంది, స్పర్శ తెలిసినట్టు కాదు. గీరడం, చక్కిలిగిలి పెట్టడం కూడా అంతే. "ఇప్పుడు తెలుస్తోందా?" అని అడిగారనుకోండి, మీరు ముట్టుకున్నారని మీరే చెప్పేసినట్టు, పరీక్ష పోయింది. తెలియని వేలిని ఇంకోసారి ప్రయత్నించొద్దు, ఒక్కో వేలికి ఒక్కటే అవకాశం. మా నాన్నైతే మొదటిసారి ఒంటి కన్ను తెరిచి చూస్తూ దొరికిపోయాడు, తప్పుతానేమోనని టెన్షన్, పరీక్ష రాసే పిల్లాడిలాగ! ఇప్పుడు ముఖం మీద తువ్వాలు కప్పేస్తున్నాను.

ఆరింటిలో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టు లెక్క. మా నాన్నకి మూడు పోయాయి. ఆ లెక్క పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళితే అక్కడ నైలాన్ దారం లాంటి పుల్లతో, అంటే వంగేటప్పుడు సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడి పెట్టే మోనోఫిలమెంట్‌తో, అదురు తెలుస్తోందా అని చూసే 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కుతో చూశారు, తర్వాత అదురుని పెంచుతూ కొలిచే బయోథీసియోమీటర్ అనే మిషన్‌తో కూడా. ఆ మిషన్‌లో 25 వోల్టులు దాటితేగానీ అదురు తెలియకపోతే పుండు పడే ప్రమాదం ఎక్కువని చెబుతారు.

స్పర్శ తగ్గిందని తేలితే ఇంట్లో మారాల్సినవి చాలా ఉన్నాయి. చెప్పుల్లో కాలు పెట్టే ముందు చెయ్యి పెట్టి తడమడం, నీళ్ళ వేడిని కాలితో కాకుండా మోచేత్తో చూడటం, హీటింగ్ ప్యాడ్ మానెయ్యడం. ఇక మన దగ్గర పెద్ద చిక్కు చెప్పుల్లేకుండా నడిచే భక్తి. అలిపిరి నుంచి 3,550 మెట్లు, అయ్యప్ప మాలలో 41 రోజులు వట్టి కాళ్ళు, ఎండాకాలం గుడి చుట్టూ కాలిన బండల మీద ప్రదక్షిణలు. నేను వద్దనే మనిషిని కాదు గానీ, ఆరింటిలో మూడు వేళ్ళకి స్పర్శ లేని మనిషికి బండ కాలిపోతోందని చెప్పేవాళ్ళు లేరు. గురుస్వామితో ముందే మాట్లాడి చెప్పులు వేసుకునే వెసులుబాటు అడగండి. అది కుదరకపోతే మాల ఉన్నన్నాళ్ళూ పొద్దునా సాయంత్రం రెండుపూటలా అరికాళ్ళు చూడండి.

నాడి

పాదంలో రెండు చోట్ల నాడి దొరుకుతుంది. ఒకటి పాదం పైన: బొటనవేలిని పైకి లేపమంటే ఒక నరం తాడులా ఉబ్బుతుంది (నిజానికి అది స్నాయువు, అంటే కండని ఎముకకి కలిపే తాడు), దాని పక్కనే, చిటికెన వేలి వైపుకి, పాదం మధ్యలో మూడు వేళ్ళు తేలిగ్గా ఆనించండి. రెండోది చీలమండ లోపలి వైపు పొడుచుకొచ్చిన ఎముకకీ మడమకీ నడుమ ఉండే గుంటలో. గట్టిగా నొక్కితే నాడి మూసుకుపోయి దొరకదు. మీ బొటనవేలితో చూడొద్దు, అందులో కొట్టుకునేది మీ నాడే, దాన్నే వాళ్ళదని భ్రమపడతారు.

కొత్తలో దొరకదు, నిరాశ పడకండి. ముందు మీ కాలి మీద, మీ పిల్లల కాళ్ళ మీద వారం రోజులు వెతికి చూడండి. పై నాడి కొంతమందికి పుట్టుకతోనే అందదు, కాబట్టి అదొక్కటే దొరకలేదని హడలిపోవద్దు. ఒకే కాలిలో రెండూ దొరక్కపోతే, లేదా పోయిన నెల దొరికింది ఈ నెల లేకపోతే, కాలు చల్లగా ఉండి కొంత దూరం నడవగానే పిక్క పట్టేసి ఆగిపోవాల్సి వస్తుంటే డాక్టరుకి చెప్పాలి. వాళ్ళు డాప్లర్ (రక్తం పారుతోందో లేదో శబ్దతరంగాలతో చూసే పరికరం) పెడతారు. షుగర్ వాళ్ళలో రక్తనాళాలు సున్నం పట్టి గట్టిపడటం వల్ల చీలమండ దగ్గర బీపీ కొలిస్తే అంకె బాగున్నట్టు అబద్ధం చెప్పొచ్చు, అందుకని కొన్నిసార్లు బొటనవేలి దగ్గర కూడా కొలుస్తారు.

కీళ్ళు

ఆస్టియోపతి చూపు ఎక్కువగా పనికొచ్చేది ఇక్కడే. మోకాలు చాపించి, పాదాన్ని మెల్లగా వాళ్ళ ముఖం వైపుకి వంచండి, రెండు కాళ్ళూ పోల్చండి. తర్వాత బొటనవేలి మొదట్లో కీలుని పైకి వంచండి. ఏళ్ళ తరబడి షుగర్ ఉంటే మడమ వెనక స్నాయువు, కీళ్ళ చుట్టూ కణజాలం చక్కెర పట్టి గట్టిపడతాయి. చీలమండ వంగకపోతే నడిచేటప్పుడు బరువంతా పాదం ముందు భాగం మీద పడుతుంది, ఆ చోటే ఆనెకాయ కడుతుంది, ఆ ఆనెకాయ కిందే పుండు పడుతుంది. ఇది తెలిశాక నాన్న ఆనెకాయ ఎందుకు మళ్ళీ మళ్ళీ అదే చోట వస్తోందో నాకు అర్థమైంది. బలవంతంగా వంచొద్దు, టక్కున విరవొద్దు, ఎంత వస్తే అంతే రాసుకోండి. సాగదీసే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు చూపిస్తారు.

చేతులు: నమస్కారం పెట్టించండి

దీన్ని వైద్యంలో ప్రార్థన గుర్తు అంటారు, మనకైతే నమస్కారమే. రెండు అరచేతులూ, వేళ్ళూ పూర్తిగా ఆనించి, మోచేతులు పక్కలకి చాపి నమస్కారం పెట్టమనండి. పక్కనుంచి చూడండి. వేళ్ళ మధ్య, ముఖ్యంగా చిటికెన వేలి దగ్గర సందు మిగిలిపోతే కీళ్ళు బిగుసుకుంటున్నాయన్నమాట. బల్ల మీద అరచెయ్యి బోర్లా ఆనించమన్నా ఇదే తెలుస్తుంది, కింద నుంచి వెలుతురు కనబడుతుంది.

ఇందులో విశేషం ఏంటంటే, చేతికి పెద్ద నొప్పేమీ ఉండదు, ఎవరూ పట్టించుకోరు, కానీ ఇది కంటి సంగతి కూడా చెబుతుంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళు చిన్నప్పుడే షుగర్ వచ్చిన పిల్లల్ని చూసి 1974లో ఈ బిగుతుని వర్ణించారు, 1981లో ఈ బిగుతు ఉన్నవాళ్ళకి కళ్ళు, కిడ్నీల్లో సన్న రక్తనాళాలు దెబ్బతినే అవకాశం బాగా ఎక్కువని చూపించారు. కాబట్టి నమస్కారంలో సందు కనబడితే వెంటనే గుర్తు తెచ్చుకోవాల్సింది, ఆఖరిసారి కంటి రెటీనా పరీక్ష ఎప్పుడు చేయించాం అన్నది.

చేతులు పట్టుకున్నప్పుడే వేళ్ళు ముడిచి తెరవమనండి, ఏదైనా వేలు ఇరుక్కుని టక్కుమని తెరుచుకుంటే దాన్ని ట్రిగ్గర్ ఫింగర్ అంటారు. తర్వాత భుజం: చెయ్యి వెనక్కి పెట్టి వీపు మీద ఎంత పైకి అందుతుందో చూడండి. ఆడవాళ్ళు జడ వేసుకోలేకపోవడం, మగవాళ్ళు వెనక జేబులోంచి పర్సు తియ్యలేకపోవడం, ఇలాంటివే మొదటి గుర్తులు. భుజం పట్టేయడం షుగర్ వాళ్ళకి మామూలు మనుషుల కంటే చాలా ఎక్కువ, "వయసు కదా" అని రెండేళ్ళు ఊరుకుంటారు.

ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకి

పొట్ట, తొడల మీద కాస్త సబ్బు నురగ రాసి, మునివేళ్ళతో మెల్లగా జారుస్తూ వెతకండి. ఒకే చోట ఏళ్ళ తరబడి పొడిస్తే చర్మం కింద కొవ్వు గడ్డ కడుతుంది, కంటికి కనబడదు, చేతికి మాత్రం రబ్బరు ముక్కలా తగులుతుంది. అక్కడ నొప్పి తక్కువని వాళ్ళు కావాలనే అక్కడే పొడుచుకుంటారు. ఆ గడ్డలోకి వెళ్ళిన ఇన్సులిన్ ఒకరోజు ఒంటికి పడుతుంది, ఒకరోజు పట్టదు, "ఎంత వేసినా షుగర్ దిగట్లేదు" అనేవాళ్ళలో కొందరి సంగతి ఇదే. చోటు మార్చాలి. కానీ జాగ్రత్త, మంచి చర్మంలో అదే డోసు వేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు, అందుకని డోసు గురించి డాక్టర్ని అడిగాకే మార్చండి.

ఇక ఇన్సులిన్ వేసుకున్నా వేసుకోకపోయినా చూడాల్సినవి కొన్ని. మెడ వెనక, చంకల్లో నల్లగా, మఖమల్ గుడ్డలా మందంగా ఉన్న చర్మం మురికి కాదు, ఇన్సులిన్ సరిగా పనిచెయ్యట్లేదని చెప్పే గుర్తు. ఇంట్లో పిల్లల మెడల మీద కూడా చూడండి, వాళ్ళకి పీచుతో తోమి తోమి ఎర్రగా చేస్తుంటారు పాపం.

ముంగాలి ఎముక మీద బొటనవేలితో కొన్ని సెకన్లు నొక్కి తీస్తే గుంట పడిందా? పడితే నీరు చేరింది, దానికి కిడ్నీ, గుండె, కొన్ని బీపీ మందులు కూడా కారణం కావొచ్చు. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల లోపు ఇంకోసారి చూడండి, పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే చెప్పాల్సిన సంగతే.

వీపు సంగతేంటి?

ఆస్టియోపతి అనగానే వెన్నుపూస గుర్తొస్తుంది కాబట్టి చెప్పాలి. లోపలి అవయవానికి ఇబ్బంది వస్తే దానికి నరం వెళ్ళే చోట వీపు కండలో మార్పు చేతికి తెలుస్తుందని వాళ్ళ సిద్ధాంతం. టెక్సాస్‌లో చేసి 2007లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ళకి వీపు కింది భాగంలో, పక్కటెముకలు అయిపోయి నడుము మొదలయ్యే చోట, కుడివైపు కండలో తేడా కనబడింది. కానీ ఇది వేరే జబ్బుల వల్ల కావొచ్చు, యాదృచ్ఛికం కూడా కావొచ్చని రాసినవాళ్ళే ఒప్పుకున్నారు. అందుకని నా మాట: వీపు నొక్కి "మీకు షుగర్ కిడ్నీకి పాకింది" అనో, "వెన్ను సర్దితే షుగర్ తగ్గుతుంది" అనో ఎవరైనా చెబితే డబ్బులు ఇవ్వకండి. పాదం మీద చెయ్యి వేస్తే తెలిసేదానికి బలమైన ఆధారాలున్నాయి, వీపు విషయంలో ఇంకా లేవు. వీపులో చూడదగ్గది ఒకటుంది, మెడ వెనకా భుజాల మధ్యా చర్మం చిటికెతో పట్టుకోలేనంత దళసరిగా, చెక్కలా అవడం. ఇది చాలా ఏళ్ళ షుగర్‌లో కొందరికి వస్తుంది, చర్మం డాక్టరుకి చూపించండి.

చేతికి అందనివి కూడా ఉన్నాయి. కంటి లోపల రక్తం చిమ్మినా చూపు పోయేదాకా తెలియకపోవచ్చు, కిడ్నీ సగం పనిచెయ్యకపోయినా మనిషి మామూలుగానే తిరుగుతాడు. ఏడాదికోసారి రెటీనా పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, ఇవి చేతి పరీక్ష ఎంత బాగున్నా చేయించాల్సిందే.

ఎప్పుడు ఎంత తొందర

పుండు, చీము, నల్లబడిన వేలు, ఒక కాలు వేడిగా వాచిపోవడం, ఉన్నట్టుండి చల్లబడి పాలిపోవడం, కాలి పుండుతో పాటు జ్వరం: ఆ రోజే వెళ్ళాలి, ఆదివారమైనా సరే. పసుపు, కాఫీ పొడి అద్ది రేపు చూద్దాం అనుకోవద్దు. కొత్తగా స్పర్శ పోవడం, నాడి దొరక్కపోవడం, ఆనెకాయలో నల్ల మచ్చ అయితే ఆ వారంలో.

మిగతావాళ్ళకి ఎంత తరచుగా డాక్టరు చేత పాదం చూపించాలంటే, అంతర్జాతీయ మార్గదర్శకాల లెక్క ఇది: స్పర్శ, రక్తప్రసరణ రెండూ బాగుంటే ఏడాదికోసారి, ఏదో ఒకటి తగ్గితే ఆరు నుంచి పన్నెండు నెలలకోసారి, రెండూ తగ్గినా లేక ఒకటి తగ్గి పాదం ఆకారం కూడా మారినా మూడు నుంచి ఆరు నెలలకోసారి, వాటితో పాటు ఇంతకు ముందు పుండు పడి ఉన్నా వేలు తీసేసి ఉన్నా కిడ్నీలు పూర్తిగా పోయినా ఒకటి నుంచి మూడు నెలలకోసారి.

చివరి పని డాక్టరు గది బయట. మేము ఏడేళ్ళు ఒకే క్లినిక్‌కి తిరిగితే అక్కడ ఒక్కరూ సాక్సులు విప్పమనలేదు, బయట నలభై మంది కూర్చుని ఉంటే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు. అందుకని ఇప్పుడు మా నాన్న పేరు పిలవడానికి ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారనగానే బూట్లూ సాక్సులూ విప్పించి సంచిలో వేసి, పాత హవాయి చెప్పులు తొడిగి లోపలికి తీసుకెళ్తున్నాను. కుర్చీలో కూర్చున్నాక కాలు ముందుకి చాపి, నోట్‌బుక్‌లో రాసుకున్న ఒక్క వాక్యం చదువుతాను: "ఆరు వేళ్ళలో మూడింటికి స్పర్శ లేదు, ఎడమ కాలి పై నాడి దొరకలేదు, కుడి బొటనవేలి కింద ఆనెకాయ." అంత చెప్పాక ఇప్పటిదాకా ఎవరూ ఆ కాలు ముట్టుకోకుండా పంపలేదు.